జీతం లేని అబ్జర్వేషన్ ఇంటర్న్‌షిప్‌కి క్రెడిట్లు ఎలా పడ్డాయంటే (నా అనుభవం)

చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. నాది పని చేయకుండా పక్కనుండి చూసి నేర్చుకునే ఇంటర్న్‌షిప్. గంటలన్నీ పూర్తయ్యాయి, అక్కడి సూపర్‌వైజర్ సర్టిఫికెట్ కూడా ఇచ్చారు, అయినా "చూశావు సరే, ఏం నేర్చుకున్నావు?" అని కాలేజీ క్రెడిట్లు ఆపేసింది. హాజరు పట్టిక మళ్లీ పంపడం, రిపోర్టు పొడిగించడం, ఇంకో లెటర్ తేవడం, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు కాలేజీలో మా గైడ్ మేడమ్‌తో కూర్చుని నేర్చుకోవాల్సిన అంశాలు ఒక పేజీలో రాశాం, అదీ "గమనిస్తాను" అని కాకుండా "ఫలానా నిర్ణయం ఎందుకు తీసుకుంటారో వివరించగలను" అన్న తీరులో. తర్వాత నా రోజువారీ నోట్సు ముందేసుకుని తేదీ, సమయం, చూసిన పని, దానికి సంబంధించిన పాఠం, నేను అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, ఇలా లాగ్ తయారుచేశా, క్లయింట్ల పేర్లు ఎక్కడా రాకుండా. ఆ ప్రశ్న, జవాబు ఉన్న గడే అసలు ముఖ్యం, మిగతావన్నీ ఎవరైనా నింపేస్తారు. సూపర్‌వైజర్ గారు ప్రతి పేజీ చదివి సంతకం చేశాక అన్నీ కలిపి ఇచ్చా, క్రెడిట్లు పడ్డాయి.

మీ దగ్గరా ఇదే నడుస్తుందని గట్టిగా చెప్పలేను. ఒక్కో క్రెడిట్‌కి ఎన్ని గంటలు, ఇంటర్న్‌షిప్ అయ్యాక తయారుచేసి ఇచ్చిన లాగ్ ఒప్పుకుంటారా లేదా అన్నది కాలేజీని బట్టి మారుతుంది. నోట్సు ఉంది కాబట్టి నాకు కుదిరింది. ఇంకా మొదలుపెట్టని వాళ్లయితే ఆ అంశాల పేజీ మీద గైడ్, సూపర్‌వైజర్ ఇద్దరి సంతకాలూ ముందే తీసుకోండి.