పాత గేమ్స్ కోసం కట్టిన పీసీ మొరాయిస్తుంటే: సమస్య - పరిష్కారం

ముందే చెప్పేస్తా, డాస్ (విండోస్‌కి ముందు నడిచిన సిస్టమ్) నుంచి విండోస్ ఎక్స్‌పీ దాకా అన్నీ ఒకే డబ్బాలో ఆడిద్దామనుకుంటే సగం తలనొప్పులు అక్కడే మొదలు. డాస్‌కి ఒకటి, విండోస్ 98కి ఒకటి, ఎక్స్‌పీకి ఒకటి పెట్టుకుంటే హాయి.

సమస్య: డాస్ గేమ్ పిచ్చి స్పీడుగా పరిగెడుతోంది, లేదా ఓపెన్ చెయ్యగానే 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అని ఆగిపోతోంది.
కారణం: చాలా పాత గేమ్స్ టైమర్ చూడవు, ప్రాసెసర్ ఎంత స్పీడైతే అవీ అంత స్పీడు. ఎర్రర్ 200 కథ వేరే, టర్బో పాస్కల్ అనే పాత ప్రోగ్రామింగ్ టూల్‌లో రాసిన ప్రోగ్రాములు మొదలవ్వగానే 55 మిల్లీసెకన్లలో లూప్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి దాన్ని 55తో భాగిస్తాయి, సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన చిప్‌లో ఆ జవాబు 16 బిట్లలో పట్టదు, ఇంక అంతే.
పరిష్కారం: బయోస్‌లో (పీసీ ఆన్ చెయ్యగానే వచ్చే సెటప్) ఇంటర్నల్ క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ, ఆపేయండి, పెంటియం చిప్ కాస్తా పాత 386 చిప్‌లా నడుస్తుంది. ఎర్రర్ 200కి మాత్రం ఆ ఫైల్‌కి ప్యాచ్ వేసుకోవడమే మేలు.

సమస్య: గేమ్ వస్తోంది, సౌండ్ రావట్లేదు.
కారణం: సౌండ్ కార్డు ఎక్కడుందో గేమ్‌కి చెప్పే 'బ్లాస్టర్' లైన్ లేదు, లేదా కార్డు ఐఆర్‌క్యూ 7లో (ప్రాసెసర్‌ని పిలిచే లైన్ నంబరు) కూర్చుని ప్రింటర్ పోర్టుతో కొట్టుకుంటోంది.
పరిష్కారం: కార్డుని ఐఆర్‌క్యూ 5కి మార్చి, డాస్ మొదలవ్వగానే నడిచే ఆటోఎగ్జెక్ ఫైల్‌లో 'సెట్ బ్లాస్టర్=ఏ220 ఐ5 డీ1 టీ4' రాయండి (చివరి టీ నంబరు మీ కార్డుని బట్టి మారుతుంది). డాస్‌కైతే పాత రకం ఐఎస్ఏ స్లాట్ కార్డే వెతకండి, తర్వాత వచ్చిన పీసీఐ స్లాట్ కార్డులతో కుస్తీ పట్టడం నావల్ల కాలేదు.

సమస్య: 1 జీబీ ర్యామ్ పెడితే విండోస్ 98 'మెమరీ చాలట్లేదు' అంటోంది. నవ్వొస్తుంది కానీ నిజం.
కారణం: ర్యామ్ ఎక్కువయ్యేకొద్దీ వీక్యాష్ (విండోస్‌లో డిస్క్ డేటాని ర్యామ్‌లో దాచే భాగం) మెమరీ అడ్రస్‌ల జాగా అంతా మింగేస్తుంది.
పరిష్కారం: 512 ఎంబీ చాలు, మిగతాది పీకేయండి.

ఎక్స్‌పీ సెటప్‌లో 0ఎక్స్7బీ ఎర్రర్‌తో బ్లూ స్క్రీన్ వస్తే బయోస్‌లో సాటాని (హార్డ్ డిస్క్ కనెక్షన్) ఏహెచ్‌సీఐ మోడ్ నుంచి పాత ఐడీఈ మోడ్‌కి మార్చండి, చాలాసార్లు అక్కడే తేలిపోద్ది.

సమస్య: ఆన్ చేసిన ప్రతిసారీ డేట్ వెనక్కి పోతోంది.
కారణం: బోర్డు మీద టైమ్, సెట్టింగ్స్ గుర్తుంచే సీమాస్ బ్యాటరీ అయిపోయింది.
పరిష్కారం: నాణెంలా ఉండేదైతే సీఆర్2032 కొత్తది వేస్తే సరి. 386, 486 బోర్డుల మీద నీలం పీపాలాంటి బ్యాటరీ ఉంటే మాత్రం ఈరోజే కత్తిరించి తీసేయండి. నా 486 బోర్డులో అది కారి, కీబోర్డు సాకెట్ పక్కన పచ్చటి బూజులా పట్టింది, వెనిగర్‌లో ముంచిన బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి రెండ్రోజులు ఆరబెట్టాక చూస్తే బోర్డు మీది రెండు ట్రాకులు (సన్నటి రాగి గీతలు) తెగి ఉన్నాయి, సన్న వైరుతో కలిపాకే కీబోర్డు పలికింది.