ఎంఐఆర్‌సీ స్క్రిప్ట్‌లో డైనమిక్ వేరియబుల్ విలువను ఎలా చదవాలి?

తిరుపతిలో మేము కొందరు మిత్రులం కలిసి ఐఆర్‌సీ (ఇంటర్నెట్‌లో పలువురు కలిసి టైపు చేస్తూ మాట్లాడుకునే చాట్ పద్ధతి) ఛానెల్‌లో క్విజ్ నడుపుతున్నాం. సరైన జవాబు చెప్పినవారికి మార్కు వేయాలి, కానీ ఎవరెవరు వస్తారో ముందుగా తెలియదు కనుక, ఒక్కొక్కరి నిక్ (చాట్‌లో వాడే పేరు) కలిసిన పేరుతో వేరియబుల్ (విలువను దాచుకునే చోటు) అప్పటికప్పుడు ఏర్పడాలి. ఇటువంటిదాన్నే డైనమిక్ వేరియబుల్ అంటారు. 1995లో ఖాలెద్ మర్దమ్-బే విడుదల చేసిన ఎంఐఆర్‌సీ అనే ఐఆర్‌సీ ప్రోగ్రామ్‌లో దీన్ని సృష్టించడం సులభమే. కొత్తవారు తడబడేది దాని విలువను తిరిగి చదివేటప్పుడు. కింద ఆజ్ఞలను తెలుగు అక్షరాల్లో ఇచ్చాను. సెట్ (set), ఎకో (echo), -ఎ (-a), నిక్ (nick), మీ (me), అన్‌సెట్ (unset) వంటి మాటలను మీరు ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.

1. ముందుగా వేరియబుల్‌ను సృష్టించండి. సందేశాలు రాసే పెట్టెలో ఇలా కొట్టండి:

//సెట్ %మార్కు. $+ $మీ 5

మొదట రెండు గీతలు ఉండాలి; ఒక్క గీతే పెడితే $ గుర్తుతో మొదలయ్యే మాటలు విలువలుగా మారవు. $మీ అంటే మీ సొంత నిక్. ఛానెల్‌లో ఇతరుల సందేశాలకు స్పందించే స్క్రిప్ట్‌లో దాని స్థానంలో $నిక్ వస్తుంది. $+ అనేది రెండు ముక్కలను ఖాళీ లేకుండా అతుకుతుంది. పేరు మధ్యలో చుక్క పెట్టడం నియమం కాదు, కానీ తరువాత ఆ వేరియబుల్స్ అన్నింటినీ ఒకేసారి తుడిచివేయడానికి అది ఎంతో ఉపకరిస్తుంది.

2. ఇప్పుడు చాలామంది చేసే పొరపాటును ఒకసారి కావాలనే చేసి చూడండి:

//ఎకో -ఎ %మార్కు. $+ $మీ

5 కనబడాల్సిన చోట మీ నిక్ మాత్రమే కనబడుతుంది. ఎంఐఆర్‌సీ ముందుగా %మార్కు. అనే వేరియబుల్ కోసం వెతికి, అది లేకపోవడంతో దాని స్థానంలో ఏమీ లేనట్టు భావించి, ఆ శూన్యానికి మీ నిక్‌ను అతికించింది. అలిపిరిలో సామాను అప్పగించి మెట్లెక్కినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: ముందు రసీదు చేతికి రావాలి, కొండపైన ఆ రసీదు చూపితేనే సంచి దొరుకుతుంది. డైనమిక్ వేరియబుల్‌కూ అలాగే రెండు దశలు కావాలి. మొదటి దశలో పేరు తయారవుతుంది, రెండవ దశలో ఆ పేరుకు విలువ దొరుకుతుంది.

3. ఆ రెండు దశలనూ మీరే చెప్పి చేయించండి:

//ఎకో -ఎ $($+(%,మార్కు.,$మీ),2)

చివరి 2 ఎన్నిసార్లు విలువ కట్టాలో, అంటే లోపలి మాటను ఎన్నిసార్లు దాని విలువగా మార్చాలో చెబుతుంది. ఫలితం తప్పుగా వస్తే 2 తీసి 1 పెట్టి చూడండి. వేరియబుల్ పేరు తయారైన రూపంలోనే కనబడుతుంది కనుక, లోపం పేరులో ఉందో విలువలో ఉందో అక్కడికక్కడే తేలిపోతుంది. ఈ ఒక్క అలవాటు గంటల వెతుకులాటను తప్పిస్తుంది.

పాత స్క్రిప్ట్‌లలో ఇదే పనికి %మార్కు. [ $+ [ $నిక్ ] ] అనే రూపం కనబడుతుంది. లోపలి బ్రాకెట్ ముందుగా నిక్‌ను తెస్తుంది, బయటి బ్రాకెట్ దాన్ని పేరుకు అతుకుతుంది. ప్రతి బ్రాకెట్‌కూ రెండు పక్కలా ఖాళీ తప్పనిసరి. చదవడానికి పైన 3లో చూపిన రూపమే తేటగా ఉంటుందని నా అభిప్రాయం.

4. రెండుసార్లు విలువ కట్టించే చోట ఇతరులు టైపు చేసిన వాక్యాన్ని ఎన్నడూ పెట్టకండి. నిక్‌లో $, % గుర్తులను ఐఆర్‌సీ నియమాలు అనుమతించవు కాబట్టి దానితో ఈ ప్రమాదం లేదు. సందేశానికి అటువంటి కట్టడి లేదు. సందేశం మొత్తాన్ని తెచ్చే $1- ను అక్కడ పెడితే, ఎవరైనా $ గుర్తుతో రాసి పంపిన మాటను మీ కంప్యూటర్ ఆజ్ఞగా తీసుకొని నడిపిస్తుంది, మీ ఫైళ్లను కూడా చదవగలదు. సభ్యుల మాటలతోనే పేర్లు కట్టాల్సి వస్తే డైనమిక్ వేరియబుల్‌ను వదిలి హ్యాష్ టేబుల్ (పేర్లను, వాటి విలువలను జంటలుగా దాచే పట్టిక) వాడండి. అందులో రెండవసారి విలువ కట్టాల్సిన పనే ఉండదు.

5. క్విజ్ ముగిశాక /అన్‌సెట్ %మార్కు.* అని కొట్టండి. ఈ వేరియబుల్స్ ఎంఐఆర్‌సీ మూసినా చెరిగిపోవు కనుక, తుడవడం మరిచిపోతే పాత మార్కులు తరువాతి క్విజ్‌లో కలిసిపోతాయి.