చేప ఎర ముట్టని రోజున గాలం పోటీ ఎలా ఆడాలి

ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చే చీటీలు తీసే వేళకే గట్టు మీద ఎవరో ఒకరు "ఈరోజు చేప తినదు" అని అనేస్తారు. కర్నూలు చుట్టుపక్కల, ముఖ్యంగా మార్చి నుంచి మే వరకు, ఆ మాట చాలాసార్లు నిజమవుతుంది. అయితే ఆ కష్టం గట్టు మీద కూర్చున్న అందరికీ ఉంటుంది కాబట్టి, అలాంటి రోజున పట్టిన చేపలన్నీ కలిపి రెండు కిలోల తూకం కూడా మొదటి స్థానానికి సరిపోవచ్చు. పెద్ద చేప కోసం కాచుకుని కూర్చోవడం మాని, చిన్న చేపను ఆగకుండా పడుతూ పోయినవారే ఇలాంటి రోజున ముందుంటారని నేను గట్టిగా నమ్ముతాను. గాజులదిన్నె వంటి జలాశయం అంచునైనా, ఊరి పెద్ద చెరువు గట్టునైనా ఈ పద్ధతి ఒకే విధంగా పనిచేస్తుంది.

మొదట ఆ రోజు ఎందుకు కష్టంగా ఉందో తెలుసుకోవాలి. ఎండాకాలంలో అసలు చిక్కు ప్రాణవాయువుతోనే వస్తుంది. 20 డిగ్రీల వేడి ఉన్న మంచినీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. నీళ్లు వేడెక్కిన కొద్దీ చేపకు దాని అవసరం మాత్రం పెరుగుతుంది. పైగా రాత్రంతా నాచు, నీటిమొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకోవడం వల్ల, పచ్చగా మారిన చెరువులో తెల్లవారుజామున అది అన్నింటికంటే తక్కువగా ఉంటుంది. అందుకే పోటీ పొద్దున్నే మొదలైతే తొలి గంటలో నీటిపై తేలే బెండు కదలకపోవడం సహజమే, దాన్ని చూసి కంగారుపడి చేపలను రప్పించే మేతను నీళ్లలో కుమ్మరించకూడదు. చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ కనిపిస్తే, ఎండ బాగా పడి నాచు మళ్లీ ప్రాణవాయువును విడుదల చేసేవరకు ఓపిక పట్టాల్సిందే.

రెండో కారణం నీటిమట్టం. కాలువకు నీళ్లు వదిలినప్పుడు మట్టం దిగిపోతుంటే, చేప లోతు తక్కువైన అంచులను విడిచి పాత వాగు పల్లంలోకి జారుకుంటుంది. గట్టు రాళ్ల మీద తడి చార నీటికి బాగా పైన ఉంటే మట్టం ఇటీవలే తగ్గిందని గుర్తు. ఇక బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి మబ్బు కమ్మిన రోజులు, డిసెంబరు, జనవరి నెలల్లోని చలి ఉదయాలు కూడా కష్టమైనవే. చలిలో చేప మందగిస్తుంది కాబట్టి ఎరను ఇంకా చిన్నది చేసి, ఎండ తగిలే చోట వేయాలి.

నిబంధనల గురించి క్లుప్తంగా చెబుతాను. మన ప్రాంతంలో చెరువులో చేపల హక్కు సాధారణంగా మత్స్యకార సహకార సంఘానికో, వేలంలో పాడుకున్నవారికో ఉంటుంది కాబట్టి వారి అనుమతి లేకుండా పోటీ పెట్టకూడదు, పాల్గొనకూడదు. ఏ చేపలు తూకంలోకి వస్తాయి, పరిగెల వంటి చిన్నవాటిని లెక్కిస్తారా, ఒక్కరికి ఎన్ని కర్రలు, ఎంత మేత అనే నాలుగు విషయాలను చీటీ తీయకముందే అడిగి తెలుసుకోవాలి. చిన్న చేపను లెక్కించని పోటీ అయితే కింద చెప్పే లెక్క మారిపోతుంది.

చీటీలో వచ్చిన నంబరు దగ్గరికి వెళ్లగానే చాలామంది మేత కలపడంతో మొదలుపెడతారు. దానికంటే ముందు నీటి లోతు కొలవాలి, కష్టమైన రోజున ఆ పది నిమిషాలకు ఉన్న విలువ ఏ ఖరీదైన కర్రకూ లేదు. గాలానికి బఠాణీ గింజంత సీసం ముక్క తగిలించి, బెండును అంచనాగా ఒక ఎత్తులో పెట్టి నీళ్లలో వదలండి. బెండు మునిగిపోతే లోతు మీరు అనుకున్నదానికంటే ఎక్కువ, కాబట్టి బెండును పైకి జరపాలి. అడ్డంగా పడుకుంటే లోతు తక్కువ, కిందికి జరపాలి. బెండు కొన మాత్రమే నీటిపైన నిలబడే వరకు సరిచేసి, కర్ర మీద ఆ కొలతకు ఒక గుర్తు పెట్టుకోండి. ఆ తరువాత అదే కొలతతో ఎడమకు, కుడికి, ముందుకు అడుగు అడుగు దూరంలో వేసి చూస్తే అడుగుభాగం ఎలా ఉందో తెలిసిపోతుంది. సీసాన్ని ఎత్తేటప్పుడు పట్టి లాగినట్టు అనిపిస్తే కింద బురద ఉందని, టక్కుమని తగిలితే రాయి లేదా గరుసు ఉందని గ్రహించాలి. మన జలాశయాల కింద పాత పొలాల గట్లు, తుమ్మ మొద్దులు, వాగు జాడలు మునిగి ఉంటాయి. లోతు ఒక్కసారిగా అడుగో, అడుగున్నరో పెరిగే మెట్టు దొరికిందంటే, ఆ మెట్టు కిందే మీ పోటీ మొత్తం జరగాలి. మట్టం దిగుతున్న రోజున చేప నిలిచేది అక్కడే.

మేతకు వేరుశనగ చెక్క మనకు సులువుగా దొరుకుతుంది, దాని వాసనకు చేప వస్తుందన్నది కూడా నిజమే. కానీ అది కడుపు నింపే మేత. మామూలు రోజున రెండు పాళ్లు తవుడు, ఒక పాలు పొడి చేసిన చెక్క, ఒక పాలు బొరుగుల పొడి కలిపితే బాగుంటుంది. చేప తినని రోజున చెక్కను సగానికి తగ్గించి, ఆ చోటులో జల్లించిన చెరువు మట్టిని కలపాలి. మట్టి నీటిలో మబ్బులా విచ్చుకుని చేపను రప్పిస్తుంది, ఆకలి మాత్రం తీర్చదు. నీళ్లు ఒకేసారి పోయకుండా కొద్దికొద్దిగా చిలకరించి, అరగంట నానబెట్టి, రవ్వ జల్లెడలో ఒకసారి జల్లిస్తే గడ్డలు లేకుండా పొడిపొడిగా వస్తుంది. పిడికిట్లో గట్టిగా నొక్కితే ఉండ కట్టాలి, బొటనవేలితో తోస్తే విడిపోవాలి; అదే సరైన తడి.

పోటీ మొదలైన గంట కొట్టగానే నిమ్మకాయంత ఉండలు రెండు మాత్రమే మెట్టు కింద వేయండి. పక్కవారు పది ఉండలు విసిరిన చప్పుడు వినిపించినా చేయి ఆపుకోవాలి, ఎందుకంటే వేసిన మేతను తిరిగి తీయలేం. ఆ తరువాత ఉసిరికాయంత ముద్దను రెండు మూడు చేపలకు ఒకసారి వేస్తూ పోవాలి. చేప పడుతుంటేనే మేత వేయాలి, ఆగితే మేత కూడా ఆగాలి. ఈ ఒక్క నియమాన్ని పాటించలేక గాలం వేయడంలో ఆరితేరినవాళ్లు కూడా కష్టమైన రోజున వట్టి చేతులతో లేవడం చూశాను.

దారం, గాలం ఆ రోజుకు తగినట్టు సన్నబడాలి. గాలం వైపు దారం 0.12 నుంచి 0.14 మిల్లీమీటర్లు, గాలం 16 లేదా 18 నంబరుది సరిపోతుంది; నంబరు పెరిగిన కొద్దీ గాలం చిన్నదవుతుందని కొత్తవారు గుర్తుంచుకోవాలి. లావుపాటి థర్మకోల్ బెండుకు బదులు నెమలీక కాడతో చేసిన బెండును వాడి, సీసం గుళ్లతో దాన్ని కొన మాత్రమే కనిపించేలా ముంచాలి. చివరి గుండు అతి చిన్నదై, గాలానికి జానెడు పైన ఉండాలి. ఎరగా జొన్నగింజంత పిండిముద్ద గానీ, పావు అంగుళం వానపాము ముక్క గానీ చాలు.

కాటు ఎలా ఉంటుందో చూసి కింద ఏముందో చాలావరకు చెప్పవచ్చు. పరిగెలు బెండును టకటకా కదిలిస్తాయి; జిలేబి చేప (తిలాపియా) పక్కకు ఈడ్చుకుపోతుంది. అడుగున మేసే ఎర్రమోసు, బంగారుతీగ ఎరను నోట్లోకి తీసుకుని తల ఎత్తినప్పుడు చివరి గుండు బరువు తగ్గి, బెండు మునగడానికి బదులు గింజంత పైకి లేస్తుంది. నీళ్లు నిశ్చలంగా ఉన్నప్పుడు ఆ లేపు చూసి మణికట్టుతో మెల్లగా ఎత్తినవారికే ఆ రోజు పెద్ద చేప దక్కుతుంది. బొచ్చె పై నీళ్లలో, శీలావతి మధ్య నీళ్లలో తిరిగే చేపలు కాబట్టి, అడుగున అరగంట సేపు ఏమీ తగలకపోతే బెండును రెండడుగులు కిందికి జరిపి ఒకసారి చూడాలి.

ఇప్పుడు చిన్న చేపల లెక్క చూద్దాం. ఒక్కో పరిగె 30 గ్రాములు తూగి, రెండు నిమిషాలకు ఒకటి చొప్పున పడితే గంటకు ముప్పై చేపలు, అంటే 900 గ్రాములు. నాలుగు గంటలకు అది మూడు కిలోల 600 గ్రాములవుతుంది. కష్టమైన రోజున అంత బరువున్న బొచ్చె ఎవరికైనా పడుతుందా అంటే పడవచ్చు, కానీ గట్టంతటికీ ఒక్కరికి పడుతుంది. ఈ వేగం రావాలంటే చేప చేతికి వచ్చేంత పొడవే దారం ఉంచుకోవాలి, ఎర డబ్బా కుడిచేతి పక్కనే ఉండాలి, పట్టిన చేపలను నీళ్లలో ఉంచే వలసంచి నోరు లేవకుండానే అందాలి. చేపను విప్పేటప్పుడు జిలేబి వీపు ముళ్లను తల వైపు నుంచి వెనక్కి అణిచి పట్టుకోవాలి. జెల్లను గుడ్డతోనో, పట్టకారుతోనో పట్టుకోకపోతే దాని పక్కముల్లు గుచ్చుకుని చేయి చాలాసేపు సలుపుతుంది.

చిన్న చేప పడుతుండగానే రెండో చోటును సిద్ధం చేసుకోవాలి. ఒడ్డు వెంబడి కుడికో, ఎడమకో మునిగిన మొద్దు పక్కన, గడ్డి అంచున, తరిగిన వానపాము ముక్కలు కొన్ని వేసి దాని జోలికి పోకుండా వదిలేయండి. రెండు గంటల తరువాత, మొదటి చోట వేగం తగ్గినప్పుడు, కొంచెం లావు దారం, 14 నంబరు గాలంతో అక్కడ పదిహేను నిమిషాలు ప్రయత్నించి, ఏమీ కాకపోతే వెంటనే తిరిగి రావాలి. గాలి లేచి అలలు మీ ఒడ్డుకు కొడుతుంటే మాత్రం అక్కడ ఇంకొంత సేపు ఉండవచ్చు, ఎందుకంటే అలల కదలిక నీటికి ప్రాణవాయువునిస్తుంది, కొట్టుకొచ్చిన మేత కూడా ఆ ఒడ్డుకే చేరుతుంది. నీళ్లు తేటగా ఉన్న రోజున మన నీడ నీటిపై పడకుండా కూర్చోవడం, గట్టు మీద దబదబా నడవకపోవడం కూడా ముఖ్యమే. కార్బన్ కర్ర విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి కరెంటు తీగల కింద దాన్ని ఎత్తకూడదు. ఉరుము వినగానే కర్ర కింద పెట్టి గట్టు దిగాలి.

పట్టిన చేప తూకం వరకు బతికి ఉండాలి. 40 డిగ్రీల ఎండలో అంచు నీళ్లు వేడెక్కిపోతాయి కాబట్టి వలసంచిని పొడవుగా పరిచి, దాని అడుగు లోతైన నీటిలో, వీలైతే నీడలో ఉండేలా కట్టాలి. తడిచేతులతోనే చేపను ముట్టాలి, సంచిని మాటిమాటికీ పైకెత్తి చూడకూడదు. కాటా మీ దగ్గరికి వచ్చాకే సంచిని నీళ్ల నుంచి తీసి, నీరు ఓడ్చి తూయించి, అంకె చీటీలో సరిగా రాశారో లేదో చూసుకుని సంతకం పెట్టండి. ఆ వెంటనే సంచి నోటిని నీళ్లలోకి వంచి చేపలు వాటంతట అవే ఈదిపోయేలా వదలాలి. మన దేశంలో పెంపకాన్ని నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పడి ఉంటే మాత్రం దాన్ని తిరిగి నీళ్లలో వదలకుండా సంఘంవారికి అప్పగించాలి. జిలేబిని ఒక చెరువు నుంచి తీసుకెళ్లి మరో చెరువులో ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు.