బండి వేడెక్కుతోందా? ఎప్పుడో చెప్పండి ముందు

మే నెల వచ్చిందంటే ఆటోనగర్‌లోని మా షెడ్డులో ఫోనుకు తీరిక ఉండదు. "బండి వేడెక్కుతోంది, రేడియేటర్ మార్చాలా?" అని మొదలుపెడతారు. రేడియేటర్ సంగతి తర్వాత చూద్దాం. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కుతోందా, హైవే మీద నడిచేటప్పుడా? ఏసీ వేస్తేనేనా? బానెట్ కింది డబ్బాలో కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, తగ్గుతోందా? వీటికి జవాబులు తెచ్చుకున్నవారి బండికి సగం పని బానెట్ ఎత్తకముందే అయిపోతుంది. తెచ్చుకోనివారు ఒక్కో సామాను మార్చుకుంటూ పోతారు.

దారిలో డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేస్తే ఏసీ ఆపేయండి. హీటరును పూర్తి వేడి మీద, బ్లోయరును పూర్తి వేగం మీద పెట్టి అద్దాలు దించండి. మండుటెండలో హీటరేమిటని నవ్వకండి. డ్యాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్ అది, ఇంజన్ వేడిని కొంత లోపలికి లాగేస్తుంది. బండి ఆపే చోటు దొరికేదాకా అలా నెట్టుకురావచ్చు. ఇప్పటి చిన్న కార్లలో చాలావాటికి ముల్లే లేదు. ఇంజన్ చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరి కాగితే ఎర్ర దీపం. ఎర్ర దీపం వెలిగితే ఇంటిదాకా వెళ్లిపోదామనుకోవద్దు. వెంటనే పక్కకు తీసి ఇంజన్ ఆపండి. ఇంకొక మాట: పైదాకా వెళ్లిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే చల్లబడిందని సంబరపడకండి. కూలెంట్ మొత్తం పోయి, సెన్సర్‌కు తగలడానికి ద్రవమే మిగలకపోతే కూడా అలాగే పడుతుంది.

రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూత లాంటిది. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే ఆ ద్రవం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత సుమారు 0.9 నుంచి 1.1 బార్ ఒత్తిడిని బిగబట్టి ఉంచడం వల్ల లోపల 120 దాటినా మరగదు. వేడి మీద మూత తిప్పారంటే ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోయి, అదంతా పొంగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ముప్పావు గంటైనా ఆగండి. రేడియేటర్‌కున్న పై హోస్ పైపు చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా ఉన్నప్పుడే మందపాటి గుడ్డ వేసి మూత తిప్పండి. కాగిన ఇంజన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరించవద్దు. ఇంజన్ పైభాగంలో ఉండే అల్యూమినియం హెడ్డు పగిలితే ఆ ఖర్చు ముందు రేడియేటర్ ఖర్చు ఏపాటిది?

ఇక అసలు విషయం. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర వేడెక్కి, హైవే ఎక్కగానే చల్లబడే బండికి నూటికి తొంభై పాళ్లు ఫ్యాను వైపే చూడాలి. బండి వేగంగా పోతుంటే ఎదురుగాలే ఫ్యాను పని చేస్తుంది. ఆగితే ఫ్యానే దిక్కు. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేసి, చేతులు దూరంగా ఉంచి చూడండి. కాసేపటిలో ఫ్యాను తిరగాలి. ఏసీకి తిరిగి, ఇంజన్ ఎంత కాగినా తిరగకపోతే మోటారు బాగానే ఉన్నట్టు. టెంపరేచర్ సెన్సర్, దాని వైర్లు చూడాలి. రెండిటికీ తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత ఫ్యానుకు కరెంటు వదిలే స్విచ్చు లాంటి రిలే. ఫ్యూజు పెట్టెలో అదే నంబరున్న రిలే ఇంకొకటి ఉంటే అటుదిటు, ఇటుదటు మార్చి చూస్తే పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది. అదీ కాకపోతే అప్పుడు మోటారు.

ఊళ్లో బాగానే ఉండి, హైవే మీదా, దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడూ వేడెక్కే బండి వేరు. అక్కడ గాలి గానీ కూలెంట్ గానీ సరిగా పారడం లేదు. గుంటూరు వైపు తిరిగే ఒక టాక్సీ ఇలాగే వచ్చింది. వేరే చోట అప్పటికే వాటర్ పంపు మార్చారు. ముందునుంచి చూస్తే జల్లెడంతా శుభ్రంగానే ఉంది. కానీ ముందు కనిపించేది ఏసీ కండెన్సర్. రేడియేటర్ దాని వెనక ఉంటుంది. పై బోల్టులు విప్పి రెండింటినీ కాస్త ఎడం చేసి టార్చి వేస్తే, మధ్యలో పత్తి లారీల నుంచి ఎగిరొచ్చిన దూది, దుమ్ము, పురుగులు కలిసి గట్టి పొరలా పేరుకుపోయి ఉన్నాయి. చేత్తో లాగితే చాపలా ఊడి వచ్చింది. మీరూ అక్కడ ఒకసారి చూడండి. నీళ్లు కొట్టేటప్పుడు ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. వాటర్ సర్వీసు గన్ను దగ్గరగా పెడితే రేకులన్నీ ముడుచుకుపోతాయి.

గాలి దారి బాగుంటే కూలెంట్ దారి చూడండి. ఇంజన్ బాగా కాగాక పై హోస్ చురుక్కుమంటూ, కింది హోస్ చల్లగా ఉంటే ఇంజన్ కాగాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే తలుపు లాంటి థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు, లేదా రేడియేటర్ లోపల పూడుకుపోయింది. థర్మోస్టాట్‌ను విప్పి, దారం కట్టి నీళ్లలో వేలాడదీసి కాచండి. దాని మీద 82 అనో 88 అనో ఉంటుంది. ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టాలి. నీళ్లు తెర్లుతున్నా కదలకపోతే పారేయండి. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడకండి. కూలెంట్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి నేల మీద ఒలికితే కుక్కలు నాకుతాయి, అది కడిగేయాలి.

పాడైన థర్మోస్టాట్‌ను తీసేసి, కొత్తది పెట్టకుండానే బండి పంపేసే మెకానిక్కులు ఉన్నారు. "మన ఎండలకు ఇదెందుకు సార్" అంటారు. నాకు ఒళ్లు మండే మాట అది. ఇంజన్ చాలాసేపు కాగదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. కొత్తది పెట్టమని పట్టుబట్టండి.

కూలెంట్ తగ్గుతూ ఉంటే అది ఎక్కడికో పోతోందని అర్థం. హోస్ క్లిప్పుల దగ్గర, రేడియేటర్ ప్లాస్టిక్ అంచుల దగ్గర, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర ఎండిన ఆకుపచ్చ లేదా గులాబీ చారలు వెతకండి. ముందు సీటు కింది కార్పెట్ తడిగా, తియ్యటి వాసనతో ఉంటే హీటరు కారుతోంది. బయట ఎక్కడా చుక్క లేకుండా తగ్గిపోతూ, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్ల పొగ వస్తుంటే, ఆయిల్ మూత కింద పాల మీగడలాంటిది కనిపిస్తుంటే, డబ్బాలో బుడగలు తేలుతుంటే హెడ్డు కింద ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్, పోయినట్టు. ఆ బండిని నడిపించవద్దు, టోయింగ్ బండి పిలవండి.

నింపేటప్పుడు బోరు నీళ్లు వద్దు. మన బోరు నీళ్లలోని సున్నం లోపల పొరలుగా పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటరే వాడండి, లేదా కలిపి అమ్మే కూలెంట్ కొనండి. రంగు చూసి కొనకండి. కంపెనీ పుస్తకంలో రాసిన రకమే కొనండి, రెండు రకాలు కలపకండి. నింపాక హీటరు వేసి, చల్లని ఇంజన్‌ను మూత తీసి ఉంచి స్టార్ట్ చేయండి. బుడగలు వస్తుంటాయి, మట్టం తగ్గితే మళ్లీ పోయండి. బుడగలు ఆగాక, పొంగకముందే మూత బిగించండి. మర్నాడు ఉదయం బండి తీయకముందు డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందేమో చూసి, తగ్గితే కాస్త కలపండి.