నలభై పేర్ల రిజిస్టర్‌తో ఏం చేయొచ్చు?

చిన్న స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ల దగ్గర డేటా మాటెత్తితే వచ్చే జవాబులు రెండే. "మా దగ్గర అంత డేటా ఎక్కడుందండీ" అనేది ఒకటి, "డోనార్ ఇచ్చిన ఫార్మాట్ నింపడానికే టైమ్ చాలట్లేదు" అనేది రెండోది. రెండూ నిజమే. కానీ బీరువా మీద ఒక హాజరు రిజిస్టర్ ఉంటుంది చూడండి, అంచులు నలిగిపోయి, మధ్య పేజీలో టీ మరక పడి, నెలాఖరున సంతకం పెట్టడానికి తప్ప ఎవరూ తెరవనిది. నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ఉదాహరణకి కర్నూలు జిల్లా పడమటి వైపు, కోసిగి, మంత్రాలయం ప్రాంతంలో ఒక ఊరు తీసుకుందాం. మీరు అక్కడ సాయంత్రం బడి నడుపుతున్నారు, 40 మంది పిల్లలు. దసరా, దీపావళి దాటాక ఆ వైపు చాలా కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస, బయల్దేరతాయి, కొందరు తెలంగాణకి పత్తి తీయడానికి, కొందరు గుంటూరు వైపు మిరప కోతలకి. ఇంట్లో చూసుకునే ముసలివాళ్లు లేకపోతే పిల్లలూ మూటతో పాటు వెళ్లిపోతారు. ఇదేమీ ఎవరికీ తెలియని సంగతి కాదు, అయినా ప్రతి ఏడాదీ సంస్థలు డిసెంబర్‌లో "అయ్యో, పిల్లలు తగ్గిపోయారే" అంటుంటాయి.

మొదటి పని కాలమ్‌లు పెంచడం కాదు, కొట్టేయడం. మీ ఫామ్‌లో ఉన్న ఒక్కో గడి మీద వేలు పెట్టి "ఇందులో ఏం రాశారో చూసి వచ్చే సోమవారం మనం ఏం మారుస్తాం?" అని అడగండి. జవాబు రాకపోతే ఆ గడి తీసేయండి. నేను ఒకప్పుడు పనిచేసిన చోట కుటుంబ సర్వే అని పేజీలకి పేజీలు నింపించేవాళ్లు, రేషన్ కార్డు దగ్గర్నుంచి ఇంట్లో ఎన్ని మేకలున్నాయో దాకా. మేకల లెక్క ఎందుకో అడిగినవాడు లేడు, చెప్పినవాడూ లేడు. ఆ కట్టలు ఇప్పటికీ ఏదో అటక మీద ఉండే ఉంటాయి.

మన ఊరికి కావాల్సిన ప్రశ్న ఒకటే: ఏ పిల్లలు ఎప్పుడు వెళ్లిపోతారు, అంతకు ముందే మనం ఏమైనా చేయగలమా? దీనికి నాలుగు గడులు చాలు: పేరు, వచ్చారా లేదా, రాకపోతే ఎందుకు, ఆ కారణం ఎవరు కనుక్కున్నారు. కారణానికి వాక్యాలు రాయక్కర్లేదు, ఒక్కో అక్షరం పెట్టుకోండి. జ్వరమో ఇంకేదో జబ్బయితే 'జ', పొలం పనికో చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికో ఆగిపోతే 'ప', చుట్టాల ఊరెళ్తే 'ఊ', సుగ్గికి వెళ్తే 'సు', తెలియకపోతే 'తె'. వీటన్నిటిలో నాకు ఎక్కువ పనికొచ్చేది ఆ చివరి అక్షరమే, ఎందుకంటే 'తె' అంటే మన వాలంటీర్ ఎవరూ ఆ ఇంటి గడప దాకా వెళ్లలేదని అర్థం. ఒక నెలలో ఇరవై 'తె'లు ఉంటే మీ సమస్య పిల్లల హాజరు కాదు, మీదే.

సగటుని నమ్మి మోసపోకండి. 75 శాతం హాజరు అని రిపోర్ట్‌లో రాస్తే బాగానే కనిపిస్తుంది, కానీ నలభై మందీ నాలుగు రోజుల్లో ఒక రోజు ఎగ్గొట్టినా 75 శాతమే, ముప్పై మంది రోజూ వచ్చి పది మంది అసలు మొహమే చూపించకపోయినా 75 శాతమే. మొదటి దానికి మీ టైమింగ్ మార్చుకుంటే సరిపోవచ్చు, రెండో దానికి పది ఇళ్లు తిరగాలి. లక్షల మంది లెక్కలు చూసేవాళ్లకి సగటు తప్ప దారి లేదు, మీకు పేర్లే ఉన్నాయి కదా, పేర్లే చూడండి. వరసగా మూడు రోజులు రాని పేరు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి, శుక్రవారం ఇరవై నిమిషాలు కూర్చుని ఆ పేర్లు పైకి చదవండి, ఎవరు ఏ ఇంటికి వెళ్తారో అక్కడే పంచుకోండి. దీనికి సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు పోయినేటి రిజిస్టర్ తీయండి. ఒక్కో పిల్లాడు ఏ వారం నుంచి కనిపించలేదో, మళ్లీ ఏ వారం వచ్చాడో పేరు పక్కన రాసుకుంటూ పోతే గంటలో అయిపోతుంది. ఆ వారానికి ఈసారి మూడు వారాల ముందే ఆ ఇళ్లకి వెళ్లి "ఎప్పుడు బయల్దేరుతున్నారమ్మా, అవ్వ ఊళ్లోనే ఉంటుందా?" అని అడగండి. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది, కానీ ఎంతమందికి కావాలో ముందే తెలిస్తేనే అవి వేళకి తెరుచుకునే ఆశ ఉంటుంది. హెడ్మాస్టర్ గారి దగ్గరికో ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి దగ్గరికో వెళ్లి "సార్, వలస తీవ్రంగా ఉంది" అంటే టీ ఇచ్చి పంపిస్తారు. పదమూడు పేర్లు, తరగతి, బయల్దేరే వారం రాసిన ఒక్క కాగితం ఇస్తే ఆ కాగితం ఫైల్లోకి వెళ్తుంది.

హాజరు తర్వాత చదువు. దీనికి కొత్తగా పరీక్షలు కనిపెట్టకండి. పల్లెల్లో పిల్లలు ఎంతవరకు చదవగలరో చూడటానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో వాడే చదివించే పత్రం ఉంది, తెలుగులో కూడా. అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, అంతే. ఒక్కో పిల్లతో కొద్ది నిమిషాల పని. ఎక్కడిదాకా చదవగలిగిందో అదే రాసుకోండి, తరగతిని బట్టి కాకుండా ఆ స్థాయిని బట్టి గుంపులు చేసి కూర్చోబెట్టండి. అయిదో తరగతి పిల్లాడు పదాల దగ్గరే ఆగిపోతే వాడికి ఈ నెల కావాల్సింది పదాలే. రెండు జాగ్రత్తలు: పాఠం చెప్పే వాలంటీర్ తన పిల్లల్ని తనే పరీక్షించకూడదు, అక్కడక్కడా అందించేస్తారు, ప్రేమ కొద్దీ. ఇంకోటి, రెండోసారి వేరే పత్రం వాడండి, లేకపోతే కథ కంఠతా వచ్చేసి ఉంటుంది. ఏ పిల్ల ఏ స్థాయిలో ఉందో మాత్రం గోడ మీద అంటించొద్దు.

రిపోర్ట్ రాసేటప్పుడు, యాభై మంది లోపయితే శాతాలు మానేయండి. కథ చదవగలిగినవాళ్లు నలుగురు ఆరుగురయ్యారని "50 శాతం పెరుగుదల" అని రాస్తే చదివేవాళ్లు ఒకసారి మురిసిపోయినా రెండోసారి నమ్మరు. "జూలైలో నలుగురు, మార్చిలో ఆరుగురు, కొత్త ఇద్దరిలో ఒకరు వేరే బడి నుంచి వచ్చి చేరారు" అని రాయండి. ఇదంతా మీ బడి వల్లే జరిగిందని మాత్రం అనకండి, నలభై మందితో అది తేలదు.

ఇంటింటికీ తిరిగే ఓపిక లేనప్పుడు నేను వాడే చిట్కా ఒకటుంది. సుగ్గికి వెళ్లేవాళ్లు ఎన్ని వారాలు ఉండి వస్తారో తెలియాలి అనుకుందాం. వెళ్లే కుటుంబాల పేర్లన్నీ చీటీలు రాసి డబ్బాలో వేసి, కలిపి, అయిదు తీయండి. ఆ అయిదు ఇళ్లు చెప్పిన వాటిలో అతి తక్కువ, అతి ఎక్కువ అంకెల మధ్యలోనే మొత్తం కుటుంబాల నడిమి సంఖ్య (అంటే సగం మంది దానికి కింద, సగం మంది పైన) ఉండే అవకాశం దాదాపు 94 శాతం. ఎందుకంటే అయిదుగురూ నడిమికి ఒకే పక్కన పడటమంటే నాణెం అయిదుసార్లు ఎగరేస్తే అయిదుసార్లూ బొమ్మే పడటం లాంటిది, 32లో ఒకసారి. అయిదుసార్లూ బొరుసే పడటం ఇంకో ఒకసారి. మిగతా 32లో 30 సార్లు మీ లెక్క నిలుస్తుంది. జవాబులు ఆరు నుంచి పధ్నాలుగు వారాల మధ్య వస్తే మీరు వేసుకున్న నెల రోజుల ప్లాన్ చాలదని తెలిసిపోతుంది, అంతకంటే కచ్చితంగా తెలిసి చేసేది కూడా ఏమీ లేదు. చీటీలే తీయాలి సుమా, రచ్చబండ మీద దొరికిన అయిదుగురిని అడిగితే ఆ లెక్క చెల్లదు.

రాసే పద్ధతిలో కొన్ని చిల్లర విషయాలున్నాయి, తలనొప్పులన్నీ వీటి దగ్గరే. ఉరుకుంద ఈరన్న స్వామిని కొలిచే ఆ ప్రాంతంలో ఒకే బడిలో ముగ్గురు ఈరన్నలు ఉండటం మామూలే, కాబట్టి ప్రతి పిల్లకీ ఒక నంబర్ ఇవ్వండి, మళ్లీ మార్చకండి. ఖాళీ గడి, సున్నా ఒకటి కాదు, అడగకపోతే గీత పెట్టండి. పెద్దవాళ్ల వయసులన్నీ 30, 35, 40 అని ఉంటే అవి అందాజుగా వేసిన అంకెలే అనుకోండి. నెల మొత్తం ఒకే పెన్ను, ఒకే వాలు అక్షరాలు కనిపిస్తే అది ఒక్క రాత్రిలో నిండిన రిజిస్టర్. కోప్పడకండి, ఆ వాలంటీర్‌కి ఎన్ని ఫామ్‌లు ఇచ్చారో ముందు చూడండి. కాగితం మీద రెండు నెలలు సాఫీగా నడిచాకే గూగుల్ షీట్‌లోకి ఎక్కించండి.

ఫోన్ నంబర్లున్న పిల్లల జాబితా వాట్సాప్ గ్రూప్‌లో పెట్టడం ఇవాళే ఆపేయండి. ఆధార్ జిరాక్స్‌లు అవసరం లేకుండా తీసుకోకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పైగా చిన్న ఊళ్లో పేరు తీసేసినంత మాత్రాన సరిపోదు, "తొమ్మిదో తరగతిలో పెళ్లయి మానేసిన ఒక అమ్మాయి" అని రాస్తే ఊరంతటికీ తెలుసు ఎవరో. అలాంటివి నాలుగైదు ఊళ్లు కలిపి రాయండి, లేదా అసలు రాయకండి.

పోయినేటి రిజిస్టర్ దొరకలేదా? బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క దగ్గరికి వెళ్లి అడగండి, ఏ వారం నుంచి బియ్యం తగ్గించి పోస్తుందో, మళ్లీ ఏ వారం పెంచుతుందో ఆమెకి నోటి లెక్కే.