మొబైల్ యాప్‌లో చిత్రం మసకబారుతోందా? ముందు రెండు వెడల్పులు చూడండి

సమస్య: అక్షరాలు, బటన్లు స్పష్టంగా ఉంటాయి, చిత్రం మాత్రం మసకగా కనిపిస్తుంది. అదే ఫైలును ల్యాప్‌టాప్‌లో తెరిస్తే నిక్షేపంగా ఉంటుంది. ఈ ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ మా బెంగళూరు ఆఫీసులో ముందుగా డిజైనర్‌నే ఇంకా పెద్ద ఫైలు పంపమంటారు. దానికి ముందు రెండు సంఖ్యలను లాగ్‌లో (యాప్ నడుస్తూ రాసే నమోదులో) చూడండి: మెమరీలోకి వచ్చిన చిత్రం వెడల్పు, తెరపై దానికిచ్చిన చోటు వెడల్పు, రెండూ పిక్సెళ్లలోనే. మొదటిది చిన్నదైతే చిత్రాన్ని సాగదీస్తున్నారన్నమాట.

కారణం: ఆండ్రాయిడ్‌లో లేఅవుట్ కొలతలు డీపీల్లో ఇస్తాం, అది తెర సాంద్రతను బట్టి పిక్సెళ్లుగా మారే యూనిట్. 160 డీపీఐ (అంగుళానికి 160 పిక్సెళ్ల) తెరపై 1 డీపీ అంటే 1 పిక్సెల్, 480 డీపీఐ తెరపై 3 పిక్సెళ్లు. కాబట్టి ఆ తెరపై 120 డీపీ చోటుకు 360 పిక్సెళ్లు కావాలి. కానీ లేఅవుట్‌లో 120 రాసిన చేత్తోనే, మెమరీ కలిసివస్తుందని ఆండ్రాయిడ్‌లో చిత్రాలు తెరిచే గ్లైడ్ లైబ్రరీలోని ఓవర్‌రైడ్‌కూ, యాప్‌లు రాసే ఫ్లట్టర్‌లోని క్యాష్‌విడ్త్‌కూ (చిత్రాన్ని మెమరీలోకి ఏ కొలతకు తెరవాలో చెప్పే సెట్టింగులు) 120 ఇచ్చేస్తాం. ఆ రెండూ అడిగేది పిక్సెళ్లను. డిజైనర్ 1200 పిక్సెళ్ల చిత్రం పంపినా అది 120కి కుదించుకుపోయి, మళ్లీ 360కి సాగుతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. పిల్లల తెలుగు కథల యాప్ ఒకదానిలో ముఖచిత్రంపై ‘కథ’ అన్న మాటలో థకారపు చుక్క కలిసిపోయి ‘కధ’ అయితే, మేము దాన్ని అచ్చుతప్పుగా నమోదు చేసుకుని మూడు రోజులు డిజైనర్‌తో వాదించాం. నేను పరీక్షించింది ఆఫీసు మానిటర్‌పై క్రోమ్‌లో. అక్కడ డివైస్ పిక్సెల్ రేషియో (లేఅవుట్‌లోని ఒక యూనిట్‌కు తెరపై ఎన్ని పిక్సెళ్లో చెప్పే నిష్పత్తి) 1 కనుక తప్పు బయటపడే అవకాశమే లేదు.

పరిష్కారం: గ్లైడ్‌లో ఆ ఓవర్‌రైడ్ తీసేస్తే చాలు, చోటు కొలతను అదే తీసుకుంటుంది. ఫ్లట్టర్‌లో 120ని డివైస్ పిక్సెల్ రేషియోతో గుణించి, పూర్ణాంకం చేసి ఇవ్వండి. సర్వర్ నుంచి ఫలానా వెడల్పు చిత్రం కావాలని అడిగే లింకులకూ ఇదే లెక్క వర్తిస్తుంది. కోడ్‌లో నేరుగా 3 అని రాయవద్దు, ఎందుకంటే ఆండ్రాయిడ్ 7.0 నుంచి వాడేవారు సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే సైజ్ మార్చితే అదే ఫోన్‌లో ఈ నిష్పత్తి మారుతుంది. మెమరీ గురించి భయం అక్కర్లేదు: పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 360×360 చిత్రానికి అర ఎంబీ సరిపోతుంది, 1200×1200 చిత్రాన్ని యథాతథంగా తెరిస్తే 5.76 ఎంబీ పోతుంది.

ఈ లాగ్‌కు దొరకని తప్పు ఒకటుంది. ఏ సాంద్రతా పేర్కొనని డ్రాయబుల్ ఫోల్డర్‌లో (యాప్‌తో పాటే వచ్చే చిత్రాలుండేది) పెట్టిన చిత్రాన్ని ఆండ్రాయిడ్ 160 డీపీఐదిగా భావించి, 480 తెరపై ముందే మూడింతలు పెంచి తెరుస్తుంది. వెడల్పు సరిపోయినట్టే కనిపిస్తుంది, మెమరీ తొమ్మిదింతలవుతుంది. అసలు కొలత ఎక్స్‌ఎక్స్‌హెచ్‌డీపీఐది (అంటే 480 డీపీఐది) అయితే ఆ ఫోల్డర్‌లోకి మార్చండి. ఐఫోన్‌లో మాత్రమే మసక ఉంటే 3ఎక్స్ ఫైలు (మూడింతల వెడల్పు, ఎత్తున్న కాపీ) మరిచిపోయి ఉంటారు. ఇవేవీ కాకపోతే జేపెగ్‌ను మరీ గట్టిగా కుదించారేమో చూడండి. డిజైనర్‌కు ఫోన్ చేయాల్సింది అప్పుడే.