నారోగేజ్ ఆవిరి ఇంజన్ డిజైన్: తేడా ఎక్కడ కొడుతోంది, ఎలా సరిచేయాలి

తయారీ కంపెనీకి సముద్రం అవతల ఎక్కడో కొండదారిలో, 610 లేదా 762 మి.మీ. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) మీద నడవాల్సిన ఇంజన్ డిజైన్ కుదరకపోతే అందరూ ముందు గేజ్‌నే తిడతారు. చాలాసార్లు తప్పు దానిది కాదు. అసలు చిక్కేమిటంటే ఇక్కడ ఒక సమస్యకు వేసిన విరుగుడే ఇంకో సమస్యను తెచ్చిపెడుతుంది, అందుకని కింది వరుసలోనే చూసుకుంటూ రండి. మధ్యలోంచి మొదలుపెడితే తిరిగి తిరిగి అక్కడికే వస్తారు.

పట్టాలు వంగుతున్నాయి, స్లీపర్లు కుంగుతున్నాయి

కారణం ఇంజన్ మొత్తం బరువు కాదు, ఒక్కో ఇరుసు మీద పడే బరువు. కాబట్టి ఇంజన్‌ను చిన్నది చేయకండి, ఇరుసులు పెంచండి. మహారాష్ట్రలోని బార్సీ లైట్ రైల్వేకి (762 మి.మీ., 1897) ఇంజనీర్ ఎవరార్డ్ కాల్‌థ్రాప్ చేసింది అదే. గజానికి 30 పౌన్ల తేలిక పట్టా, దాని మీద ఇంజనైనా వ్యాగనైనా ఇరుసుకు 5 టన్నులు దాటకూడదని ముందే గిరి గీసుకుని, ఆ తర్వాతే లీడ్స్‌లోని కిట్సన్ కంపెనీతో 0-8-4 ట్యాంక్ ఇంజన్లు (ముందు మోసే చక్రాలు లేవు, నడిచేవి ఎనిమిది, వెనక మోసేవి నాలుగు; నీళ్ల ట్యాంకు ఇంజన్ మీదే) కట్టించాడు. మూడేళ్లకు మొదలైన మన నౌపడా–పర్లాకిమిడి లైనుదీ ఇదే గేజ్.

చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు

సిలిండర్ల బలం, నడిచే చక్రాల మీదున్న బరువులో నాలుగో వంతు దాటితే జారుడు ఖాయం. డార్జిలింగ్ కొండ రైలు బి క్లాస్ ఇంజన్ (1889 నుంచి) లెక్క చూడండి: సిలిండర్ 11 అంగుళాలు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 14, చక్రం 26 అంగుళాలు, బాయిలర్ ప్రెషర్ చదరపు అంగుళానికి 140 పౌన్లు. లాగే బలం సుమారు 3.5 టన్నులు వస్తుంది. ఇంజన్ బరువు 15 టన్నుల చిల్లర, అదంతా నాలుగు చక్రాల మీదే, అన్నీ నడిచేవే. 1:25 ఎత్తులో (25 అడుగులకు ఒక అడుగు ఎక్కే దారిలో) టన్నుకు 40 కిలోల బలం ఎక్కడానికే పోతుంది, అంటే ఇంజన్ తనను తాను మోసుకోవడానికే 600 కిలోలు ఖర్చు. ఇలాంటిచోట ఊరికే మోసే చక్రాలు పెట్టుకోవడం దండగ.

ఒక మెలిక ఉంది. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ పట్టూ తగ్గుతుంది, కాబట్టి లెక్క నిండు ట్యాంకుతో వేసి మురిసిపోవద్దు, సగం ట్యాంకుతో వేయండి. తడి పట్టాకు ఇసుకే మందు. డార్జిలింగ్‌లో ఇద్దరు మనుషులు ఇంజన్ ముందు కూర్చుని చేత్తో ఇసుక చల్లేవారు. నవ్వొస్తుంది గానీ, వానలో ఇసుక గొట్టం మూసుకుపోతుంది, చెయ్యి మూసుకుపోదు.

వంపుల్లో చక్రాల అంచులు అరుగుతున్నాయి, పట్టా తప్పుతోంది

మొదటి సమస్యకు ఇరుసులు పెంచాం కదా, దాని ఫలితమే ఇది. చిన్న రిపేరు: మధ్య చక్రాలకు అంచు తీసేయడం, లేదా చివరి ఇరుసులు కాస్త పక్కకు జరిగేలా క్లీన్-లిండ్నర్ బోలు ఇరుసులు వేయడం. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వేలల్లో దించిన 600 మి.మీ. బ్రిగేడ్ ఇంజన్లకు (0-8-0) ముందు, వెనక ఇరుసులు ఇవే. అదీ చాలకపోతే ఇంజన్‌ను రెండు ముక్కలు చేసి కీలు పెట్టాలి. అక్కడితో కొత్త టెన్షన్ మొదలు.

కీళ్ల దగ్గర ఆవిరి కారుతోంది

ఇలా కీలు పెట్టిన రకాల్లో ఒకటైన ఫెయిర్లీ ఇంజన్లో, చక్రాలూ సిలిండర్లూ ఉన్న రెండు బోగీలూ తిరుగుతాయి, బాయిలర్ ప్రెషర్ మొత్తం కదిలే గొట్టాల గుండానే పోవాలి, కారక ఏం చేస్తుంది? ఇంజనీర్ మాలే దీనికి తెలివైన దారి పట్టాడు. వెనక చక్రాల, సిలిండర్ల సెట్టు ఫ్రేముకు బిగించేసి ఎక్కువ ప్రెషర్ ఆవిరి దానికిచ్చాడు, అక్కడ వాడేసిన తక్కువ ప్రెషర్ ఆవిరే కీలు దాటి ముందుకు పోతుంది. 1889 పారిస్ ప్రదర్శనలో డెకోవిల్ కంపెనీ వాళ్ల 600 మి.మీ. లైను మీద ఇవి నడిచాయి. ముందు సెట్టు ఒక్కటే తిరుగుతుంది, మరీ ఇరుకు వంపుల్లో అదే దీని లోటు.

ఎంత బొగ్గు వేసినా ఆవిరి చాలడం లేదు

డ్రైవర్‌నూ బొగ్గునూ తిట్టేముందు ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే పెట్టె) కొలవండి. 610 గేజ్‌లో చక్రాల మధ్య, మళ్లీ ఫ్రేముల మధ్య దాన్ని ఇరికిస్తే నిప్పు పరిచే గ్రేట్ వెడల్పు అడుగున్నర కూడా రాదు. నాసిరకం బొగ్గు దొరికే దేశమైతే ఇక చెప్పక్కర్లేదు. ఫ్రేములను చక్రాల బయటికి తీస్తే కొంత నయం, ఫైర్‌బాక్స్‌ను నడిచే చక్రాల వెనక్కి జరిపి కింద మోసే చక్రాలు పెడితే ఇంకొంత (పట్టు మాత్రం తగ్గుతుంది).

నా ఓటు గారట్‌కే. రెండు ఇంజన్ సెట్లు చెరో చివర, మధ్యలో బాయిలర్ వేలాడుతుంది, దాని కింద చక్రాలే ఉండవు, పొట్టిగా లావుగా ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. మొదటిది టాస్మానియాలోని నార్త్ ఈస్ట్ డండాస్ ట్రామ్‌వేకి 1909లో బేయర్ పీకాక్ కట్టిన కె1. కొన్నవాళ్లు కాంపౌండే (మాలే లాగా ఆవిరిని రెండుసార్లు వాడేది) కావాలన్నారు, ఆవిరి గొట్టం పొట్టిగా ఉండాలని సిలిండర్లను లోపలి వైపు పెట్టారు, దాంతో వెనక సిలిండర్లు క్యాబ్ కిందికి వచ్చి సిబ్బందికి ఉడుకే ఉడుకు. డార్జిలింగ్‌కు ఆ వెంటనే కట్టినదానిలో సిలిండర్లు బయటి చివరలకు పోయాయి. దక్షిణాఫ్రికా 610 గేజ్ గారట్లు (ఎన్‌జీజీ16) 1960ల చివర్లో కూడా కొత్తవి కట్టారంటే ఈ అమరిక ఎంత కుదిరిందో చూడండి.

గేజ్ గ్లాసులో (బాయిలర్ నీటిమట్టం చూపే గాజు గొట్టం) నీళ్లున్నాయి, అయినా ఫ్యూజిబుల్ ప్లగ్ కరిగింది

1:25 ఎత్తులో 3 మీటర్ల బాయిలర్ ఒక చివరకూ ఇంకో చివరకూ నీటిమట్టంలో 12 సెంటీమీటర్ల తేడా వస్తుంది. పొగగొట్టం ముందు పెట్టి ఎక్కేటప్పుడు నీళ్లు వెనక్కి చేరి గ్లాసు నిండుగా కనిపిస్తుంది. శిఖరం దాటి దిగడం మొదలవగానే, ఘూమ్ (2,258 మీటర్లు) దాటి డార్జిలింగ్ వైపు తిరిగినట్టు, నీళ్లు ముందుకు పరుగెత్తి ఫైర్‌బాక్స్ నెత్తి బయటపడుతుంది, అక్కడున్న ఫ్యూజిబుల్ ప్లగ్ (నీళ్లు తగ్గితే కరిగి హెచ్చరించే లోహపు బిరడా) కరుగుతుంది. అందుకే శిఖరానికి ముందే నీళ్లు పెట్టుకోవాలి, డిజైన్‌లో బాయిలర్ పొట్టిగా ఉంచాలి. ఈ ఒక్క విషయంలో ఫెయిర్లీది పైచేయి: ఫైర్‌బాక్స్ నడిమధ్య కాబట్టి ఎటు వంగినా అక్కడ మట్టం పెద్దగా మారదు.

చిన్న భాగం విరిగితే నెలల తరబడి బండి షెడ్డులోనే

ఓడలో విడిభాగం వచ్చేదాకా ఆగాల్సిందే, అక్కడి వర్క్‌షాప్ చేయగలిగేలా గీయకపోతే. వాల్వ్ గేర్ (సిలిండర్లలోకి ఆవిరిని వదిలే యంత్రాంగం) బయటే ఉంచండి, ఫ్రేముల మధ్య దాచొద్దు. వీలైనన్ని భాగాలు క్లాసులన్నిటికీ ఒకటే పెట్టండి. డార్జిలింగ్ లైనులోని తిందారియా వర్క్‌షాప్ వాళ్లు రిపేర్లతో ఆగకుండా బి క్లాస్ ఇంజన్లే సొంతంగా కట్టుకున్నారు.